మేకుకు వేలాడిన పెట్టె

కరీదియా, పోగోని
12 మార్చి 1994

గౌరవనీయులైన అకిలేయస్ బావగారికి, స్తెర్యోస్ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఆ మాట ఫ్రోసో అక్కకు చెప్పగలరు. కానీ ఈ ఉత్తరం క్షేమసమాచారాల కోసం వ్రాస్తున్నది కాదు.

మొన్న శనివారం జున్ను లారీ నడిపే లియాకోస్ కాఫీ దుకాణం ముందు ఆగి, తలుపు తెరిచి ఉంచి, ఒక క్యాసెట్ వినిపించాడు. మీ కంపెనీ విడుదల చేసినదే. అట్ట మీద మానోస్ దెలివారిస్ తెల్ల కోటు వేసుకుని కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొదటి వైపంతా కీబోర్డుతో నింపిన నాట్యపు పాటలు. వాటి గురించి నేను చెప్పవలసింది లేదు. రెండో వైపు మొదట్లో క్లారినెట్ ఒక్కటే ఏడు నిమిషాలు విలాపం పలికింది.

బావగారూ, అది కిట్సోస్ మామ ఊపిరి.

నలభై రెండేళ్ళుగా ప్రతి ఆగస్టు పదిహేనున, దేవమాత పండగనాడు, నాట్యం మొదలు కాకముందు, చనిపోయినవారి కోసం విలాపం వాయించి ఈ ఊరి ఉత్సవాన్ని ఆరంభించినవాడు మా అమ్మ తమ్ముడు. ఆ ఊపిరిని గుర్తుపట్టడానికి నాకు అట్ట మీద పేరు అక్కరలేదు. అయినా తొందరపడలేదు. లియాకోస్ దగ్గర క్యాసెట్ అడిగి తెచ్చుకుని, వాయిద్యాలు బాగుచేసే నా పనిబల్ల దగ్గర తలుపు వేసుకుని పదకొండు సార్లు విన్నాను. ఇంట్లోవాళ్ళకు వినిపించలేదు. చావు లేని ఇంట్లో విలాపం మోగకూడదని మన ఆడవాళ్ళ పట్టింపు మీకు తెలుసు. వాళ్ళు ఈ క్యాసెట్‌ను ఒకవైపే విని తీసేస్తున్నారు. మామ ఇంట సంగీతమే లేదు. లాంబ్రినీ అత్త పోయి అయిదు నెలలైంది. ఖననం నాడు ఊరి ఆడవాళ్ళకు పెద్దదిక్కయిన హైదో అవ్వ స్వయంగా గోడకు మేకు కొట్టి తగిలించిన క్లారినెట్ పెట్టె అక్కడే వేలాడుతోంది. అక్టోబరు మూడున ఏడాది నిండేవరకు అది దిగదు.

కాబట్టి మూడు ప్రశ్నలు. ఒకటి: 1981లో మీరు మామ దగ్గర రికార్డు చేసి, భద్రం కోసమని ఏథెన్స్‌కు తీసుకువెళ్ళిన ఏడు టేపు చుట్టలు ఎక్కడ ఉన్నాయి? రెండు: అవి ఎవరి చేతికి ఇచ్చారు? మూడు: ఆ విలాపంలో మూడో తిప్పు దగ్గర, బాణీ మూడోసారి మొదటికి తిరిగే చోట, విలాపానికి చెందని చిన్న వరుస ఒకటి వస్తుంది. అటువంటిది నేను ఎన్నడూ వినలేదు. అదేమిటో మీకు తెలుసా?

వరుసగా జవాబు వ్రాయగలరు.

విధేయుడు,
స్తెర్యోస్


ఏథెన్స్
27 మార్చి 1994

బావమరిదీ,

ఉత్తరమా అది, పోలీసు నివేదికా? నంబర్లు వేసి మరీ అడిగావు. మీ అక్క చదివి, "వీడు పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కూడా కాగితం పట్టుకెళ్ళాడు, అందుకే ఇంకా బ్రహ్మచారి" అంది.

చుట్టలు మా ఇంటి బీరువాలో ఉన్నాయి. దుప్పట్ల కింద. ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇక మూడో తిప్పు సంగతి నన్నడిగితే ఎలా, నేను మైకులు పెట్టేవాణ్ణి, వాయించేవాణ్ణి కాదు.

ఇక్కడి పరిస్థితి నీకు తెలియదు. ఒకప్పుడు ఈ మేడ మూడంతస్తులూ మా కంపెనీవే. ఇప్పుడు కింద స్నానాలగది పలకలు అమ్ముతున్నారు, మధ్యలో పళ్ళ డాక్టరు. ఆయన మర ఆగేదాకా మేం రికార్డు మొదలుపెట్టకూడదు. అయిదుగురు వాయిద్యగాళ్ళను కూర్చోబెట్టి, మధ్యాహ్నం అందరికీ చిక్కుడుగింజల కూర పెట్టించి, సాయంత్రం దాకా వాయింపించిన రోజులు పోయాయి. లౌటో వాయించే తాసోస్ గుర్తున్నాడా? టాక్సీ తోలుతున్నాడు. డప్పు వాయించే ఆయన చచ్చిపోయాడు, మేం దండ కూడా పంపలేదు. ఇప్పుడొక కీబోర్డు, దాని వెనకాల ఒక మనిషి. దుకాణాల్లో కొనేవాడు లేడు, బళ్ళ మీద దొంగ నకళ్ళు అమ్ముతున్నారు. నలభై మందిమి ఉండేవాళ్ళం, ఆరుగురం మిగిలాం. ఆ ఆరుగురిలో నేనున్నానంటే దెలివారిస్ మొహం పుణ్యమే.

అన్ని విలాపాలూ ఒకలాగే ఉంటాయి. నీకు పని లేక వింటున్నావు. కిట్సోస్ మామకు మాత్రం ఆ క్యాసెట్ వినిపించకు. పాపం, దుఃఖంలో ఉన్నాడు.

పిల్లలు ముద్దులు పంపారు.

అకిలేయస్


కరీదియా
20 ఏప్రిల్ 1994

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం అందింది. దానిని నాలుగుసార్లు చదివాను. మొదటి ప్రశ్నకు జవాబు ఉంది, రెండోదానికి ఉంది, మూడోదానికి లేదు. నేను అడగని ఒక విషయానికి మాత్రం జవాబు వచ్చింది: క్యాసెట్‌ను మామకు వినిపించవద్దన్నారు. అన్ని విలాపాలూ ఒకలాగే ఉంటే, ఆయన వింటే వచ్చే నష్టమేమిటి?

ఇంతలో ఇక్కడ ఒకటి జరిగింది. ఊరి సంఘం ఈ ఆగస్టు పదిహేనుకు దెలివారిస్‌ను పిలిచింది. సంగతి కాఫీ దుకాణంలో తెలిసి, అధ్యక్షుడు బకాలిస్‌ను అడిగాను. ఆ సంభాషణను ఇంటికి రాగానే వ్రాసిపెట్టుకున్నాను.

"విలాపం ఎవరు వాయిస్తారు?"

"దెలివారిస్. క్యాసెట్‌లో ఉందిగా, అదే."

"కిట్సోస్ మామ కుర్చీలో కూర్చునా?"

"కుర్చీ ఊరిది స్తెర్యో, మీ మామది కాదు. ఆయనకు సంతాపం. పెట్టె మేకుకు తగిలించింది మేమా?"

"వచ్చే ఏడాదికి సంతాపం తీరుతుంది."

"తీరనీ. నిజం చెప్పనా, కోపం తెచ్చుకోకు. జర్మనీ వెళ్ళినవాళ్ళు, ఏథెన్స్ వెళ్ళినవాళ్ళు పండక్కి ఊరికి రావాలంటే పోస్టరు మీద ఒక మొహం ఉండాలి. మీ మామకు మొహమెక్కడిది, రుమాలు తప్ప."

అందరూ నవ్వారు. పరాయి వాయిద్యగాళ్ళు వేళ్ళు చూసి నేర్చేస్తారని మామ జీవితమంతా వేళ్ళ మీద తెల్ల రుమాలు కప్పుకునే వాయించాడు. ఆయన దాచుకున్నది వేళ్ళను. పోయింది ఊపిరి.

నేను కోరేది ఒక్కటే. ఆగస్టు పదిహేనున ఆయన కళ్ళెదుట, ఆయన కుర్చీలో, ఆయన ఊపిరితో వేరొకడు ఈ ఊరి మృతులను తలవకూడదు. ఒకసారి అది జరిగితే ఆ కుర్చీ ఇక ఆయనది కాదు. అందుకే ఆనాడు ఊరందరి ముందు ఈ దొంగతనాన్ని ఋజువు చేయదలచాను. ఋజువుల జాబితా మొదలుపెట్టాను. ఆ ఏడు చుట్టలూ వెంటనే పంపండి. మీరు వాటిని ఎవరికీ ఇవ్వకపోతే పంపడానికి అభ్యంతరం ఉండదు కదా.

మామను నేనింకా ఏమీ అడగలేదు.

స్తెర్యోస్


ఏథెన్స్
14 మే 1994

స్తెర్యో,

బస్సులో వచ్చే వాళ్ళ చేతికి చుట్టలు ఇచ్చాను. ఆరు. ఏడోది చెమ్మకు పాడైపోయింది, పారేశాను.

నీ జాబితాలో నా పేరు ఎన్నో నంబరో తెలియదు గానీ, ఒక్కమాట విను. ఊరందరి ముందూ మాట్లాడేటప్పుడు ఎవరికి న్యాయం చేస్తున్నావో వాళ్ళని ముందు అడగాలి. నువ్వు మామని ఏమీ అడగలేదని రాశావు. అడక్కు. కానీ ఊరినీ అడక్కు. ఈ ఏడాదికి వదిలెయ్.

అక్కకి ఈ గొడవ తెలీదు. ఉత్తరాలు ఇక నా ఆఫీసు చిరునామాకి రాయి.

అకిలేయస్


కరీదియా
11 జూన్ 1994

బావగారికి,

ఆరు చుట్టలూ అందాయి. పక్క ఊరి బడిలోని పాత యంత్రం మీద అన్నిటినీ విని, ఏ చుట్టలో ఏముందో, ఎన్ని నిమిషాలో పట్టిక వ్రాశాను. క్యాసెట్‌లోని విలాపం వాటిలో లేదు. ఉంటే ఏడో దానిలో ఉండాలి. అదేమో సరిగ్గా చెమ్మకు పాడైంది. ఏడు చుట్టలూ ఒకే బీరువాలో, ఒకే దుప్పట్ల కింద ఉండగా చెమ్మ ఒక్కదానినే ఎంచుకోవడం ఆశ్చర్యకరం.

కానీ ఇప్పుడు దాని అవసరం లేదు. నా పట్టికలలో వేరొకటి దొరికింది.

క్యాసెట్‌లో, అతి కింది స్వరానికి దిగినప్పుడల్లా, ఒక సన్నని "టక్" వినిపిస్తుంది. మొదట క్యాసెట్ లోపమనుకున్నాను. ఆ తరువాత నా మరమ్మతుల పుస్తకం తెరిచాను. ఇరవై ఏళ్ళుగా నా బల్ల మీదికి వచ్చిన ప్రతి వాయిద్యానికీ తేదీ, జబ్బు, వైద్యం, కారణం అని నాలుగు గడులు ఉన్నాయి. 1993 నవంబరు 9: మామ క్లారినెట్ (పెట్టెను మేకుకే ఉంచి, దీన్ని మాత్రం ఆయనే తెచ్చి ఇచ్చాడు), కింది మీటకు తోలు మెత్త చిరిగింది, తోలు లేనందున బిరడా ముక్కను కోసి అతికించాను, కారణం, "మేకుకున్నన్ని రోజులు తడికి చెడకుండా." తోలు మెత్త చప్పుడు చేయదు. బిరడా చేస్తుంది. ఇప్పుడు నేను కూడా ఒక తప్పు ఒప్పుకోవాలి: సంతాపంలో ఉన్న వాయిద్యాన్ని ఊదకూడదని తెలిసీ, ఆనాడు దుప్పటి కప్పుకుని ఆ ఒక్క స్వరం ఊది చూశాను. ఆ టక్ అదే.

దీనిని బట్టి ఆ విలాపం 1981 నాటిది కాదు. గత నవంబరు తరువాతది. అంటే అత్త పోయిన తరువాతది.

అయితే పెట్టె మేకుకే ఉంది, క్లారినెట్ తిరిగి అందులోకే చేరిందనుకున్నాను. నిన్న మామ ఇంటికి వెళ్ళాను. ఆయన వంటగదిలో నీళ్ళు పోస్తుండగా పెట్టెను వేలితో తట్టాను. అది ఖాళీ పెట్టె చేసే చప్పుడు. ఊరంతా ఎనిమిది నెలలుగా ఆ పెట్టెకు గౌరవంగా తల వంచి వెళుతోంది. లోపల ఏముందో ఎవరూ చూడలేదు.

"మామా, డిసెంబరులో ఏథెన్స్ వెళ్ళావు కదా, కళ్ళకి. ఏ డాక్టరు?" అన్నాను.

"మంచివాడే."

"పేరు?"

"అకిలేయస్‌కి తెలుసు. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

"ఏ కన్ను చూశాడు?"

"రెండూ. నీకంటే తక్కువ ప్రశ్నలు అడిగాడు."

మామ మీ ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నాడు. కిట్సోస్ మామ సంతాపాన్ని తెంచే మనిషి కాదు. కాబట్టి మీ ఇంట్లో ఆయన ఏకాంతంగా దుఃఖం తీర్చుకుంటూ ఉంటే గోడ వెనుక మీరు మైకు పెట్టారని నా అనుమానం. కాదంటే ఏం జరిగిందో చెప్పండి. ఆగస్టు పదిహేనుకు ఇంకా తొమ్మిది వారాలు ఉన్నాయి. జాబితాలో పదకొండు ఋజువులు అయ్యాయి. మీ మౌనం పన్నెండోది అవుతుంది.

స్తెర్యోస్


ఏథెన్స్
9 జులై 1994

స్తెర్యో,

గోడ వెనకాల మైకు పెట్టలేదు. ఎదురుగానే పెట్టాను. ఆయనకు తెలిసే పెట్టాను.

క్లారినెట్‌ని రొట్టెల సంచిలో తువ్వాలు చుట్టి తెచ్చుకున్నాడు. పిల్లల ముందు బయటికి తియ్యలేదు. మూడో రోజు, "నువ్వు పని చేసే గది చూపించు" అన్నాడు. ఆదివారం, మేడలో ఎవరూ లేరు, పళ్ళ డాక్టరు కూడా. గోడలకి దూది అతికించిన ఆ గదిలోకి వచ్చి చప్పట్లు కొట్టి చూశాడు. "ఇక్కడ చప్పుడు చచ్చిపోతోందే" అన్నాడు. "బయటికి పోదు మామా" అన్నాను. "అయితే మంచిదే."

లైటు ఆర్పెయ్యమన్నాడు. గాజు ఇవతల నా మీటర్ల వెలుతురే. ఏడు నిమిషాలు. మూడో తిప్పు దగ్గర నువ్వన్నది వచ్చింది. అయిపోయాక అడిగాను. "అది నీకు కాదు" అన్నాడు. పాతికేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నాను, నాకు వాయించినవాళ్ళ లెక్క లేదు. ఆ రోజు మాత్రం టేపు ఆపడం మరిచిపోయి, చివరిదాకా తిరగనిచ్చాను.

డైరెక్టర్‌కి వినిపించాను. ఆయన టేపు వెనక్కి తిప్పించి మళ్ళీ విన్నాడు. తర్వాత, "ఎవరీ ముసలాయన? మొహం ఎలా ఉంటుంది?" అన్నాడు. చెప్పాను. "సరే, ఇది దెలివారిస్ క్యాసెట్‌లో పెట్టు. రెండో వైపు ఖాళీగా ఉంది" అన్నాడు. దెలివారిస్‌కి గత ఏడాది ముందు పళ్ళు నాలుగు ఊడాయి. మధ్య అంతస్తు డాక్టరే కట్టాడు. ఆ కట్టుడు పళ్ళతో పొడుగు ఊపిరి నిలవదు, గాలి పక్కకి పోతుంది. నాట్యపు పాటలైతే కీబోర్డు మోస్తుంది. విలాపాన్ని ఎవడు మోస్తాడు? అతను చెడ్డవాడు కాదు. విని, "నా పేరు వద్దు" అన్నాడు. డైరెక్టర్ నవ్వాడు.

మామకి పేరు వద్దు. ఆయనే వద్దన్నాడు. సంతాపంలో వాయించాడని ఊరికి తెలిస్తే ఎలా బతుకుతాడు? నీ పదకొండు ఋజువులూ నిజమే. వాటితో ఏం చేస్తావు? దెలివారిస్ దొంగ అని నిరూపిస్తే, అదే నోటితో మామ మాట తప్పాడని నిరూపించినట్టే. నువ్వు మేకుకున్న పెట్టెని ఊరందరి ముందూ తెరుస్తావు.

అందుకే వద్దంటున్నాను. నన్ను కాపాడుకోవడానికి కాదు. కాదనే అనుకుంటున్నాను.

అకిలేయస్


కరీదియా
18 ఆగస్టు 1994

బావగారికి,

మీ జులై ఉత్తరానికి జవాబు వ్రాయలేదు.  జాబితాను మాత్రం చింపలేదు. మడిచి కోటు జేబులో పెట్టుకుని పదిహేనవ తేదీ సాయంత్రం ఊరి మధ్యకు వెళ్ళాను. తీయాలో వద్దో అక్కడికి వెళ్ళే దాకా తేల్చుకోలేదు. మీరు వ్రాసినదంతా నిజమని కూడా నమ్మలేదు. పేరు వద్దని ఆయనే అన్నాడన్న వాక్యం దగ్గర నా పెన్సిలు ఆగింది. ఇప్పటికీ పక్కన గీత ఉంది.

జరిగింది వరుసగా వ్రాస్తాను.

పూజ ముగిసింది. ఊరంతా చేరింది, జర్మనీ బళ్ళు చర్చి గోడ దాకా ఉన్నాయి. సంతాపం ఉన్న ఇళ్ళవారు ఆచారం ప్రకారం అంచున గోడవారగా నిలబడ్డారు, విలాపం వరకు ఉండి నాట్యానికి ముందు వెళ్ళిపోవడానికి. మామ కూడా వచ్చాడు. నల్ల చొక్కా. నన్ను చూసి, "కోటు ఎందుకురా ఈ ఎండలో?" అన్నాడు. నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను.

దెలివారిస్ వేదిక ఎక్కి కుర్చీలో కూర్చున్నాడు. విలాపం మైకు లేకుండా వాయించడం ఇక్కడి పద్ధతి. బకాలిస్ దాన్ని మార్పించాడు, వెనుక వరుసలకు వినపడదని. కీబోర్డు మనిషి ఏదో మీట నొక్కాడు. దెలివారిస్ బుగ్గలు ఉబ్బించాడు. చర్చి గోపురానికి కట్టిన రెండు పెద్ద స్పీకరు పెట్టెల్లోంచి మామ ఊపిరి వచ్చింది. టక్ కూడా వచ్చింది. నేను మామ ముఖం చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

మూడో తిప్పు వచ్చింది. ఆ చిన్న వరుస వచ్చింది.

ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు ఏడుగురు. ముందు ఒకామె, తరువాత అందరూ, వేదిక వైపు కాక వెనక్కి తిరిగి గోడ వైపు చూశారు. మామ వైపు. మగవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. హైదో అవ్వ లేచి కర్ర పట్టుకుని వేదిక దగ్గరికి నడిచి, ఆ పెద్ద పెట్టెలకు చెయ్యి చూపి, "ఆపండి దాన్ని" అంది.

దెలివారిస్ క్లారినెట్‌ను నోట్లోంచి తీసేశాడు. విలాపం ఆగలేదు. ఒళ్ళో క్లారినెట్ పెట్టుకుని అతను కూర్చున్నాడు, పైన అది మోగుతూనే ఉంది. బావగారూ, నేను పదకొండు ఋజువులు నాలుగు నెలలు మోశాను. ఇది ఏ జాబితాలోనూ లేదు. ఎవరూ నవ్వలేదు. కీబోర్డు మనిషికి మీట దొరికేసరికి చాలాసేపు పట్టింది.

అవ్వ గోడ దగ్గరికి వచ్చింది.

"కిట్సో. లాంబ్రినీకి పెళ్ళినాడు జడ వేసింది ఎవరు?"

"నువ్వే వదినా."

"తలుపులేసుకుని వాళ్ళ ఊరి పాట పాడుకుంటూ వేశాం. ఆ పాట మగవాడు వినకూడదు. నీకెలా తెలుసు?"

"కిటికీ కింద ఉన్నాను."

"నలభై మూడేళ్ళు దాచావా, దొంగా." ఆమె కర్ర మీదికి వంగింది. "ఎక్కడ వాయించావు?"

"ఏథెన్స్‌లో. గోడలకి దూది అతికించిన గదిలో."

"పెళ్ళాన్ని దూదిలో ఏడ్చావా? ఊరి ముందు ఏడవడానికి సిగ్గేసిందా? పైగా ఇంకొకడి మూతికి అద్దెకిచ్చి."

"పెట్టె మేకుకుంది కదా వదినా. ఏడాది నిండలేదు."

"మేకు కొట్టింది నేను. దించమంటున్నదీ నేనే. పెట్టె అక్కర్లేదు, అది ఖాళీదని నాకు ఎప్పుడో తెలుసు. శుక్రవారం శుక్రవారం దుమ్ము దులిపేది ఎవరనుకున్నావు? క్లారినెట్ పట్రా."

ఆయన ఇంటికి వెళ్ళి క్లారినెట్‌తో వచ్చాడు. దెలివారిస్ కుర్చీలోంచి లేచి, దానిని మోసుకొచ్చి వేదిక కింద, నేల మీద వేశాడు. "ఇక్కడ కూచో బాబాయ్" అన్నాడు. అతని మాటలో కట్టుడు పళ్ళ ఈల వినిపించింది. మామ అలవాటుగా జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. దానితో మొహం తుడుచుకుని, మోకాలి మీద వేసుకున్నాడు. వేళ్ళ మీద వేయలేదు. ఆ క్లారినెట్‌లోని ప్రతి మీటా నాకు తెలుసు, ఆ వేళ్ళను మాత్రం మొదటిసారి చూశాను. ఉంగరపు వేలు వంకర. ఆ వంకర వల్లనే కింది స్వరంలోకి అలా జారుతుంది. నేర్చుకోవాలనుకున్నా ఎవరికీ వచ్చేది కాదు.

విలాపం మొదటినుంచి వాయించాడు. మూడో తిప్పు దగ్గర ముసలమ్మలు లోగొంతులో మాటలు కలిపారు. ఆ మాటలు నేను ఇక్కడ వ్రాయను. అవి మగవాళ్ళవి కావు.

తరువాతి సంగతి కూడా దాచకుండా వ్రాయాలి. ఆయన లేచి ఇంటికి వెళ్ళిపోగానే కీబోర్డు మొదలైంది, జనం ఆడారు. వచ్చే ఏటి కుర్చీ గురించి నేను అడిగితే బకాలిస్, "చూద్దాంలే, ఆయన బతికుంటే" అన్నాడు. మరునాడు చర్చి ముందు బండిలో దెలివారిస్ క్యాసెట్లు అన్నీ అయిపోయాయి. కొన్నవాళ్ళు రెండో వైపు కోసమే కొన్నారు. అట్ట మీద పేరు అలాగే ఉంది.

జాబితా జేబులోనే ఉండిపోయింది. మీరు మాత్రం ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. పేరు వద్దని ఆయన అన్నాడా?

స్తెర్యోస్


ఏథెన్స్
12 సెప్టెంబరు 1994

స్తెర్యో,

అనలేదు.

నేనన్నాను. అత్త తొమ్మిదో రోజు ప్రార్థనకి వచ్చినప్పుడే అన్నాను. "కళ్ళ పరీక్షకి రా మామా, దాన్ని కూడా తెచ్చుకో, నీ పేరు ఎక్కడా రాకుండా నేను చూసుకుంటా." ఇంకా మట్టి ఆరలేదు. అప్పటికే నాకు రెండో వైపు ఖాళీ గురించి తెలుసు. ఆయన, "లాంబ్రినీకి వినపడుతుందా?" అన్నాడు. వినపడుతుందని చెప్పాను.

కంపెనీ ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు. ఆ క్యాసెట్ బాగానే పోయింది, అయినా మూసేస్తున్నారు. పై అంతస్తు కూడా పలకల దుకాణానికే.

ఏడో చుట్ట పారెయ్యలేదు. ఆ ఆదివారం కంపెనీ టేపు వాడితే లెక్క చెప్పాలని, దాని మీదే రికార్డు చేశాను. పంపుతున్నాను. డబ్బా లోపలి వైపు చూడు. ఆ రోజే రాశాను, తర్వాత డైరెక్టర్ చెరిపించాడు. వెలుతురుకి ఏటవాలుగా పెడితే కనిపిస్తుంది.

అకిలేయస్


కరీదియా
4 అక్టోబరు 1994

బావగారికి,

నిన్న అత్తకు ఏడాది ప్రార్థన జరిగింది. మీరు రాలేదని మామ అడగలేదు. కుర్చీ మాత్రం ఒకటి ఎక్కువ వేశాడు. హైదో అవ్వ పటకారుతో మేకు పీకేసింది. ఈ ఉదయం మామ క్లారినెట్ నా బల్ల మీద పెట్టాడు. తోలు వచ్చింది, ఆ బిరడా మార్చేస్తానన్నాను. "వద్దు. పిల్లికి గంట కట్టినట్టుంది, ఎక్కడ మోగినా నాదని తెలుస్తుంది, ఉండనీ" అన్నాడు.

చుట్ట అందింది. డబ్బాను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూశాను. చెరిపిన పెన్సిలు గీతలు ఉన్నాయి. "కిట్సోస్. లాంబ్రినీ కోసం. 19 డిసెంబరు 1993." చేతివ్రాత మీదే. కాగితం ఆ వైపు నలిగింది, చెరిపిన మాట నిజం. అయితే వ్రాసింది ఆ ఆదివారమో, చెరిపింది డైరెక్టరో, లేక రెండూ మొన్న మీ భోజనాల బల్ల మీద జరిగాయో, పెన్సిలు చెప్పదు. నేను భూతద్దంతో కూడా చూశాను. మామను అడగలేదు.

చుట్టల పట్టికలో ఏడో వరుస వ్రాశాను. వాయించినవారు: కిట్సోస్. ఎవరి కోసం: లాంబ్రినీ. నిడివి: ఏడు నిమిషాలు. డబ్బా మీద పేరు వ్రాసిన తేదీ అన్న గడిని ఖాళీగా వదిలాను. ఇరవై ఏళ్ళలో నా పుస్తకాలలో ఇది మొదటి ఖాళీ గడి.

అక్కను, పిల్లలను తీసుకుని వచ్చి దానిని మీరే నింపండి. పెన్నుతో.

స్తెర్యోస్